తీతువు గుడ్డు, నక్క తపస్సు

వాగు ఒడ్డున, బొమ్మజెముడు డొంక కింద ఒక ఎలుకల కాపురం. ముసలి అవ్వ, కోడలు, ఇంకా కళ్లు తెరవని పసికూనలు. ఆ చుట్టుపక్కల జంతువులన్నిటికీ ఒకటే పంచాంగం: తీతువు గుడ్డు. తీతువు వాగు ఇసుకలో గుడ్లు పెడితే ఆ ఏడు వరద రాదు, దిగి కాపురం పెట్టొచ్చు. ఒడ్డు మీద పెడితే వరదే, పైనే ఉండాలి.

ఆ ఏడు ఎండలకు ఒడ్డు పెనంలా కాలింది. కలుగులో కూనలు సొమ్మసిల్లుతున్నాయి. తీతువు మాత్రం ఒడ్డు మీదే గుడ్లు పెట్టింది.

ఎలుకల మీద కన్నున్నా ముళ్లలో మూతి పెట్టలేని నక్కకు ఉపాయం తోచింది. గుడ్లను చల్లబరచడానికి తీతువు పొట్ట ఈకలు తడుపుకొని రావాలని మడుగుకు వెళ్లగానే, నక్క ఒక గుడ్డు నోట కరుచుకొని వాగు ఇసుకలోకి దింపింది. గుడ్డు నోట్లో పెట్టుకొని మింగకపోవడం, ఆ నక్క తన జన్మలో చేసిన ఒకే ఒక్క తపస్సు.

తర్వాత డొంక ముందుకొచ్చి కూర్చుంది. “చూశావా అవ్వా? తీతువమ్మ మనసు మార్చుకుంది. ఇసుకలో గుడ్డు! వరద రాదు. దిగి తడి ఇసుకలో చల్లగా ఇల్లు కట్టుకో.”

“పోదాం అత్తా, పిల్లలు మాడిపోతున్నారు,” అంది కోడలు. “పెద్దలు పెట్టిన గుర్తు కాదంటామా?”

“సరేగానీ, అక్కడ మా పొరుగు ఎవరు నాయనా?” అని నక్కను అడిగింది అవ్వ.

“నేనే!”

పెనం మీద మేముంటే పొయ్యి పక్కింట్లోకి వస్తోందన్నమాట, అనుకుంది అవ్వ. “అయితే ముందు నువ్వు దిగు. నీ గృహప్రవేశం చూసి మేమూ పాలు పొంగిస్తాం.”

నక్క వాగు నడుమ గొయ్యి తవ్వింది. దారినపోయే ప్రతివాళ్లకూ గుడ్డు చూపించి, వరద రాదని చెప్పీ చెప్పీ, చివరికి తానే నమ్మేసింది. పొద్దుగూకేసరికి గుర్రు పెట్టింది.

అవ్వ తిన్నగా తీతువు దగ్గరికి వెళ్లింది. పాపం, తీతువు గొంతు బొంగురుపోయింది.

“నక్క ఎత్తుకుపోయిందని పొద్దున్నించీ మొత్తుకుంటున్నా! అందరూ గుడ్డుకు దణ్ణం పెట్టి పోయేవాళ్లే. ఏమైందమ్మా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.”

“పోనీ, వరద వస్తుందా రాదా? నువ్వే చెప్పు తల్లీ.”

“నాకేం తెలుసవ్వా? మా అమ్మమ్మకు తెలిసేదేమో. నేను ఈ డొంక నీడ పడుతోందని ఇక్కడ పెట్టా!”

అవ్వ ఇంటికొచ్చింది. “ఇక పంచాంగం లేదే కోడలా. వాన ఇచ్చేది పైవాడు. ఎప్పుడిస్తాడో చెప్పడు. తలుపులు మనమే పెట్టుకోవాలి.”

ఎండకని చల్లటి మన్ను తగిలేదాకా కిందికి తవ్వారు. వరదకని, ఆ తవ్విన మట్టినే పైన దిబ్బగా పోసి, అందులో అటక లాంటి గది చేశారు. నక్క గుర్రు పెడుతుండగానే, వాగులోని గుడ్డును మెల్లగా దొర్లించుకుంటూ తెచ్చి తల్లికి అప్పగించారు.

తెల్లారేసరికి ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎగువ కొండల్లో కురిసిన అకాలవాన మాత్రం వాగంతా నిండి వచ్చింది. కలుగు అడుగున నీరు ఊరేసరికి, కూనలను నోట కరుచుకొని అత్తాకోడళ్లు అటకెక్కారు. నక్క ఇల్లూ వాకిలీ వదిలి కొట్టుకుపోయి, డొంక పక్కనే ఒక తుమ్మకొమ్మ పట్టుకొని వేలాడింది. ముళ్లన్నీ ఒంట్లో దిగాయి.

“అవ్వా! గుడ్డు ఇసుకలోనే ఉంది కదా, వరదెలా వచ్చింది?” అని ఏడ్చింది.

“అక్కడ పెట్టింది నువ్వు కదా నాయనా,” అంది అవ్వ మెత్తగా. “తీతువు గుడ్డుకైతే శకునం చెప్పారు గానీ, నక్క గుడ్డుకు మా పెద్దలు ఏమీ చెప్పలేదు.”

గుర్తులు తప్పే కాలంలో గుర్తును పట్టుకున్నవాడికి ముళ్లకొమ్మే దిక్కు, ఇల్లు దిద్దుకున్నవాడికి ఇల్లే దిక్కు.