కలరా ఉండలూ ఒక్కగానొక్క పట్టుచీరా

దేవుడు ఉన్న తెలివంతా తమ కొంపలోనే కుమ్మరించేశాడే, మిగతా ఊరు ఎలా బతుకుతుందో పాపం అని సీతారత్నం రోజూ జాలిపడేది. మొగుడు చిట్టబ్బాయి, మరిది పోలయ్య, తను. ముగ్గురికి ముగ్గురే.

మాఘంలో ఆమె చెల్లెలి పెళ్ళి. కట్టుకెళ్ళడానికి ఉన్నది ఒకటే పట్టుచీర, అత్తగారు పోతూ పోతూ చేతిలో పెట్టినది. పెట్టెలో ఉండగానే దాని అంచు పురుగు కొరికింది. పోలయ్య పరిగెత్తి శెట్టి కొట్లో ఆరు కలరా ఉండలు తెచ్చాడు.

"వదినా, ఇవుంటే పురుగు పెట్టె ఛాయలకి రాదట. గాలి మాత్రం తగలకూడదట."

అంతే. ముగ్గురూ ఊపిరి బిగబట్టి పెట్టె తెరిచారు. పోలయ్య కళ్ళు తిరిగి అందులోనే పడ్డాడు.

"లేవరా, నీ ఊపిరి తగుల్తోంది!" అని చిట్టబ్బాయి కసిరాడు.

నెల తిరిగేసరికి ఉండలు శనగగింజలంత అయ్యాయి.

"కరిగాయేమో?"

"కరిగితే తడేదీ?" చీర మడత మడతా తడిమారు. పొడిగా ఉంది. ఇంకేముంది, పురుగే చీర మానేసి ఉండలు తింటోందని తేల్చి, వెళ్ళి శెట్టికి చెప్పారు.

శెట్టి తల పట్టుకున్నాడు. "తినడం కాదు నాయనా! ఇవి నీరు కాకుండానే గాలైపోతాయి. ఆ ఘాటుకే పురుగు పారిపోయేది."

గాలైతే ఇంట్లోనే ఉంటుందిగా! తలుపులు బిడాయించి, చేటలతో వాసనని పెట్టెలోకి విసిరారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా. ముగ్గురికీ తలనొప్పి తప్ప పెట్టెలోకి ఏమీ రాలేదు.

శెట్టి ఇంకో ఆరిచ్చాడు. "ఈసారి మెత్తటి గుడ్డలో ఒక్కోదాన్నీ విడిగా మూట కట్టండమ్మా."

ఇంట్లో ఉన్నవన్నీ గరుకు గుడ్డలే. మెత్తటిది ఒకటే.

సీతారత్నం కత్తెర తెచ్చి పట్టుచీర పరిచింది. "ఏవండీ, కోస్తే చీర ఏమైపోతుంది?"

"కోయకపోతే పురుగు కొరుకుతుంది. అది వంకరగా కొరుకుతుంది. మనం తిన్నగా కోస్తాం."

ఆ మాటకి ఆమె భయం పోయింది. ఆరు ముక్కలు, ఆరు మూటలు.

పెళ్ళి రోజు పొద్దున్నే మూటలు విప్పారు. ఒక్క ముక్కకీ చిల్లు లేదు. సీతారత్నం కళ్ళొత్తుకుంది. "ఒకటే ఉందని ఇన్నాళ్ళూ బెంగపెట్టుకున్నాను. ఆరయ్యాయి!"

వీధిలో బస్సు హారన్ కొట్టింది.

"వదినా, రా!"

"ఉండవయ్యా, ఏది కట్టుకోవాలో తేలనీ."

బస్సు వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా తేలలేదు.