ముందు వాటా కాఫీపొడి

వరహాలమ్మ గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. విజయనగరంలో ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకుంటూ కంప్యూటర్లు నేర్పే ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లంతా ముందు ఇల్లు ఊడ్చి, తర్వాత ప్రోగ్రాములు రాసినవాళ్లే.

ఆ మధ్యాహ్నం శిష్యురాలు గౌరీశ్వరి కళ్లు వాచిపోయి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. తలసీమియా పిల్లలకి రక్తమిచ్చే దాతలను పిలిపించే పని ఆమెది. దాతల పేర్లు చూపించే పాత ప్రోగ్రాము ఈ కొత్త లాప్‌టాప్‌లో నడవనంది. అందుకని కొత్తదాని లోపలే ఒక వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటరు కడుపులో ఇంకో కంప్యూటరు పెట్టి, ప్రోగ్రామును అందులో కూర్చోబెట్టింది. పేర్లున్న డేటాబేస్‌ను మాత్రం బయటి కంప్యూటరులోకే ఎక్కించింది. ఇక రెండు రోజులుగా ప్రోగ్రాము డేటాబేస్ దొరకలేదనే చెబుతోంది. సాయంత్రంలోగా పేర్లు తెలియకపోతే రేపు పన్నెండుమంది పిల్లలకి రక్తం అందదు.

“టీచర్ గారూ, ఎక్కించడంలో నానే మొత్తం పోగొట్టేశానేటండి?”

“వంటింట్లో ఎర్ర డబ్బాలో కాఫీపొడి ఉంది, పట్రా” అన్నారు ఆవిడ.

గౌరీశ్వరికి ఒళ్లు మండింది. అయినా వెళ్లి అరలన్నీ వెతికి, లేదని వచ్చి చెప్పింది. “ఉంది” అన్నారు ఆవిడ పేపర్లోంచి తలెత్తకుండా. మళ్లీ వెళ్లి పప్పుడబ్బాలు కూడా దించి చూసింది. రెండోసారీ వట్టి చేతులతోనే తిరిగొచ్చింది.

“వంటిల్లన్నాను. ఎవరి వంటిల్లని అడిగావా? పొడి ఇంటివాళ్లతో కలిపే ఆడిస్తాను. డబ్బా ముందు వాటాలో ఉంటుంది.”

ముందు వాటా తలుపు గడియ వేసి ఉంది. “నాను గౌరినండి” అంది తలుపు కొట్టి. కొడుకు ఆఫీసుకెళ్లాక ఇంట్లోవాళ్ల గొంతుకి తప్ప గడియ తియ్యదు ఆ ఇంటి ముసలావిడ. “గౌరంటే ఎవరో నాకు తెలీదమ్మా” అంది లోపల్నుంచి. వరహాలమ్మ గారు పెరట్లోంచే కేకేశారు. “పిన్నిగారూ, మా పిల్లే. వస్తే డబ్బా ఇచ్చెయ్యండి.” అప్పుడు గడియ తీసింది.

డబ్బా పుచ్చుకుని గౌరీశ్వరి వెనక వాటా వైపు, ముందు వాటా వైపు మార్చి మార్చి చూసింది. తర్వాత దాన్ని అరుగు మీద పెట్టేసి, లాప్‌టాప్ తెచ్చి తెరిచింది. ప్రోగ్రాములో డేటాబేస్ చిరునామా దగ్గర ఇంకా పాత మాటే ఉంది, లోకల్‌హోస్ట్ అని. ఏ కంప్యూటరులో రాస్తే ఆ కంప్యూటరే అని దానర్థం. లోపలి మెషీన్ పాపం రెండు రోజులుగా తనలోనే వెతుక్కుంటోంది. ఆమె అది చెరిపేసి బయటి కంప్యూటరు చిరునామా రాసింది. డేటాబేస్ ఇంకా పలకలేదు. ఈసారి ఆమె కంగారు పడలేదు. డేటాబేస్ సెట్టింగులు తెరిచి, తన కంప్యూటరుకే కాక ఆ ఒక్క లోపలి మెషీన్‌కి కూడా జవాబివ్వమని రాసింది.

పేర్లు బిలబిలా వచ్చేశాయి. ఒక్కటీ పోలేదు. గుండెల మీది బరువంతా ఒక్కసారిగా దిగిపోయి, నవ్వబోయి ఏడ్చేసింది గౌరీశ్వరి. ఆ అరుగు మీద నుంచే మొదటి దాతకి ఫోన్ చేసింది. “రేపు ఎన్నింటికి రమ్మంటారమ్మా?” అన్నాడాయన.

“అంతా పోయిందని రెండు రోజులు నన్ను ఏడిపించేసిందండి ఈ మెషీను” అంది ఫోన్ పెట్టేసి, పెరట్లోంచి వచ్చిన టీచర్ గారితో.

“దొరకలేదనే కదమ్మా అది అంది” అన్నారు వరహాలమ్మ గారు. “పోయిందన్నది నువ్వు.”