తాళం లేని వైపు

కొండ కింద పశువుల మందకు ఒక వేరుశనగకాయల కొట్టు ఉండేది. ఎండలకు పచ్చిక మాడిపోతే మేకలూ దూడలూ బతికేది ఆ కొట్టు మీదే. దాని పెత్తనం ఎర్రన్న అనే ముసలి ఎద్దుది. పాత తడిక పుచ్చిపోవడంతో ఈసారి టేకు తలుపు పెట్టించాలని ఎర్రన్న పట్టుబట్టాడు.

తలుపు నిలబెట్టే రోజున నక్క వచ్చి కూర్చుంది. లోపలికి తెరుచుకుంటే బస్తాలకు అడ్డమనీ, బయటికి తెరుచుకునేలా పెట్టమనీ చెప్పింది. మాట సబబుగానే ఉంది. కానీ అలా పెడితే తలుపును గుమ్మానికి పట్టి ఉంచే మడతబందులు బయటికి వస్తాయి. వాటిలో దూర్చిన సీలల సంగతి నక్క ఎత్తలేదు, ఎర్రన్నకు తోచలేదు. అతని ధ్యాసంతా తాళం మీదే.

“ఇంత తాళం ఈ చుట్టుపక్కల చూడలేదు మామా,” అంది నక్క. ఎర్రన్న పొంగిపోయాడు. తాళంచెవి తెచ్చి కాపలా కుక్క సింగడి మెడలో కట్టాడు.

మధ్యాహ్నం కొట్టు మూసి అందరూ వాగుకు నీళ్లకు పోయేవారు. కొన్నాళ్లకు బస్తాలు తరగసాగాయి. తాళం వేసింది వేసినట్టే ఉంది. చెవి సింగడి మెడలోనే ఉంది. ఎర్రన్న అతన్నే నిలదీశాడు.

“నేను శనక్కాయలు తింటానా పెదనాన్నా?” అన్నాడు సింగడు.

“నువ్వు తినవు. తినేవాళ్లకు తలుపు తీస్తావు.”

మందంతా చూస్తుండగా సింగడు తాళంచెవి అక్కడ పెట్టి, తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి ఎర్రన్న దాన్ని తన కొమ్ముకే తగిలించుకున్నాడు. అయినా బస్తాలు తరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు దొంగ అనడానికి తనొక్కడే మిగిలాడు. అతనికి మేత సయించలేదు.

ఒకరోజు దురద పుట్టి, మెడను తలుపు అంచుకేసి రుద్దుకున్నాడు. మడతబందు సీల ఊడి కాళ్ల దగ్గర పడింది. దాని మీద పంటి గాట్లున్నాయి. మిగతావీ అలాగే వదులుగా ఉన్నాయి. కొమ్ముతో తీసి చూస్తే, తాళం వేసి ఉండగానే తలుపు ఆ వైపు నుంచి వచ్చేసింది.

ఎర్రన్న నేరుగా సింగడి దగ్గరికి నడిచాడు.

“అందరి ముందూ దొంగన్నావు పెదనాన్నా.”

“తప్పు నాదని అందరి ముందే చెబుతాను. రారా.”

చెప్పాడు కూడా. ఆ తర్వాత ఇద్దరూ సీలలను తిరిగి దూర్చి, రెండు కొనలూ రాతితో నలగ్గొట్టి ఊడిరాకుండా చేశారు.

మర్నాడు మంద వాగుకు కదలగానే నక్క వచ్చింది. సీలను పంటితో పట్టి లాగింది. రాలేదు. కాలు తన్నిపెట్టి గుంజింది. పన్ను విరిగింది. వెనక్కి తిరిగితే సింగడు నిలబడి ఉన్నాడు.

“తలుపు గట్టిగా ఉందో లేదో చూద్దామని వచ్చాను,” అంది నక్క, మూతికి నెత్తురుతో.

“ఉందా మరి?” అన్నాడు సింగడు, ఇంకో అడుగు ముందుకు వేస్తూ.

నక్క మళ్లీ ఆ కొండ కింద కనిపించలేదు. సింగడు మాత్రం అటు తర్వాత ఎన్నడూ తాళంచెవి మెడకు కట్టనివ్వలేదు. ఎర్రన్న అడగనూ లేదు.

తలుపు పెట్టినవాడు తాళం ఉన్న వైపే కాదు, లేని వైపూ చూసుకోవాలి. ఆ చూపు ఒకరిని దొంగ అనకముందే ఉండాలి.