ఆకు వెయ్యని సీసా

నరసమాంబ గారు శిష్యుల తగవు వినేటప్పుడు కూర్చోరు. తాను కూర్చుంటే ఎదుటివాడు కథ పెంచుతాడని ఆవిడ నమ్మకం. ఆ ఉదయం కాలేజీ రసాయనశాలలోకి తవిటినాయుడు నిప్పు తొక్కినవాడిలా వచ్చేసరికి ఆవిడ నిలబడే ఉన్నారు.

"దొంగతో ఒకే బల్ల దగ్గర పనిచెయ్యమంటారా మేడమ్? వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. ఆ ఆకు ఎవరిదో మీరే తేల్చండి."

వాడంటే గౌరీశు. ఆకంటే కసివింద. వెండి ఉప్పు కరిగించిన నీళ్లలో కసివిందాకు కషాయం పోస్తే, అందులో దాగిన వెండి కంటికి ఆననంత సన్నని నలుసులుగా బయటపడుతుందనీ, రంగు ముదరడమే దానికి గుర్తనీ మొదట చెప్పినవాడు తవిటినాయుడు. ఆ నలుసుల్నే ఈ కాలంలో నానో అంటున్నారు. పుండ్లకు మందవుతుందని ఆశపడి, వేళ్లు నల్లబడేదాకా చేశాడు. అదే ఆకు మరిగించి, గౌరీశు ఆ ఫలితాన్ని కాలేజీ సభలో తన పేరున చదివి చప్పట్లు కొట్టించుకున్నాడు. అలాంటిది మరిచిపోవాలంటే మనిషి రాయైనా కావాలి, సిగ్గులేనివాడైనా కావాలి. తవిటినాయుడు రెండూ కాడు.

"గట్టు మీద మొలిచిన కసివింద నీ పేర ఎప్పుడు రాయించుకున్నావురా?" అన్నాడు వెనకే వచ్చిన గౌరీశు చేతులు కట్టుకుని. "నువ్వు పుట్టకముందే మా మామ్మ దాన్ని నూరి గజ్జికి పట్టించింది."

నరసమాంబ గారు ఇద్దర్నీ బయటికి నడవమన్నారు. ఇద్దరి కషాయాలూ తీసుకుని, వాళ్లు రోజూ వాడే కుళాయి నీళ్లలోనే వెండి ఉప్పు కలిపి మూడు సీసాలు నింపారు. మూతలు బిగించి, వాళ్లు రోజూ పెట్టే కిటికీలోనే ఎండకు పెట్టారు. మధ్యాహ్నం లోపలికి పిలిచేసరికి మూడింటి రంగూ ముదిరింది.

"నీది ఏది?" అని తవిటినాయుణ్ణి అడిగారు.

అతను తడుముకోలేదు. తప్పిపోయిన బిడ్డను పోల్చుకున్నట్టు అన్నింటిలోకీ నల్లనిదాన్ని పట్టుకున్నాడు. "ఇదే మేడమ్. నా కషాయం చిక్కన. వాడి చేతిలో ఈ రంగు జన్మలో రాదు."

ఆవిడ ఆ సీసా తిరగేసి అడుగు చూపించారు. మిగిలిన రెండింటి అడుగునా పేర్లున్నాయి. దీనికి లేదు.

"ఇందులో ఆకే వెయ్యలేదు. కుళాయి ఉప్పునీళ్లూ, వెండి ఉప్పూ, ఎండా. అంతే. ఈ నలుపు ఎండ తెచ్చింది."

గౌరీశు కిసుక్కుమన్నాడు. ఆవిడ అతని మీద విరుచుకుపడ్డారు. "నవ్వకు! మిగిలిన రెండింట్లో నీదేదో అడుగు చూడకుండా చెప్పు."

గౌరీశు ఆ సీసా చూశాడు, ఈ సీసా చూశాడు, చివరికి రెండింటినీ ఆవిడ ముందుకే తోశాడు.

తవిటినాయుడికి కోపం తగ్గిందనుకుంటే పొరపాటు. ఇంతసేపూ ఒకడి మీద ఉన్న కోపం ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక ఒళ్లంతా పాకింది. సీసా నేలకేసి కొట్టాలనిపించింది. జేవురించిన మొహంతో ఆవిడ చేతిలోని సీసాకేసి చూస్తూ అడిగాడు.

"అయితే మేడమ్... వెండిని బయటికి లాగేది అసలు ఆకేనా?"

"ఏమో నాయనా," అన్నారావిడ సీసా మూత తీస్తూ. "ఆ ప్రశ్న ఇవాళే కదా అడిగావు."