నూకరత్నం తాగిన జీలకర్ర నీళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో, రైలు గేటు దాటగానే, ఒక పిండిమర ఉండేదమ్మా. దాన్ని నూకరత్నం అనే పిల్ల నడిపేది. బియ్యం బస్తా ఎత్తి భుజాన వేసుకుందంటే మగవాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు. గట్టి పిల్ల. బొద్దు పిల్ల.

ఆ పిల్లకి పెళ్ళి కుదిరింది. అప్పుడు జాకెట్టు కొలతలకని పెళ్ళికొడుకు మేనత్త కాసులమ్మ వచ్చింది. నడుముకి టేపు చుట్టి, "టేపు చాలేలా లేదే తల్లీ!" అని నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నవ్వకపోతే పెంకిది అంటారని నూకరత్నం కూడా నవ్వింది.

"పరగడుపునే జీలకర్ర నీళ్ళు తాగు, కొవ్వు కరుగుతుంది" అంది కాసులమ్మ. నూకరత్నం తాగింది. చద్దన్నం మానేసింది.

ఆ తర్వాత పక్కింటి పిన్ని వచ్చి, "మధ్యాహ్నం కూడా తాగితే తొందరగా కరుగుతుందే" అంది. మధ్యాహ్నం అన్నం పోయింది.

ఆ తర్వాత ఫోను వీడియోలో తెల్లకోటు వేసుకున్న ఒకాయన రాత్రి కూడా తాగమన్నాడమ్మా. ఆయన డాక్టరో కాదో ఎవరూ అడగలేదు. రాత్రి కూడూ పోయింది.

అప్పుడేమైంది? జడ పలచబడింది. బస్తా ఎత్తలేకపోయింది. ఒకరోజు మరలో కారం పడుతూ పడుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. తిరుగుతున్న బెల్టుకి జానెడు దూరంలో పడిందమ్మా. జానెడు! వాళ్ళమ్మ సింహాచలం పరుగెత్తి మోటారు ఆపింది కాబట్టి సరిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సెలైను పెట్టింది. "జీలకర్ర మంచిదే కదండీ?" అని గొణిగింది నూకరత్నం.

"మంచిదే. లావుగా ఉన్న కొందరు ఆడవాళ్ళకి పెరుగులో జీలకర్ర పొడి కలిపి పెట్టి చూశారు. పొడి లేకుండా తిన్నవాళ్ళకన్నా కాస్త ఎక్కువ తగ్గారు. చిన్న పరీక్ష, చిన్న ఫలితం. అదైనా భోజనంతో పాటు పెట్టారు, భోజనం మాన్పించి కాదు" అంది డాక్టరమ్మ.

సింహాచలానికి ఒళ్ళు మండిపోయింది. "మా అమ్మ కూడా మజ్జిగలో వేయించిన జీలకర్ర వేసేది. దేనికి? తిన్నది అరగడానికి! తిననిది ఏం అరుగుతుందే? నీ ఒళ్ళే అరుగుతుంది!"

నూకరత్నం తన చేతులు చూసుకుంది. నిజమే, అరిగింది తనే. అప్పుడు కోపం వచ్చింది. మొదట తన మీద. ఆ తర్వాత టేపు మీద. ఆ తర్వాత టేపు పట్టుకున్న చేతి మీద.

నూకరత్నం ఇంటికొచ్చాక కాసులమ్మ కొత్త జాకెట్టు పట్టుకుని దిగింది. పిల్లని ఎగాదిగా చూసి మురిసిపోయింది. "ఇప్పుడు బాగున్నావు. ఇంకొన్నాళ్ళు తాగావంటే బొమ్మే!"

నూకరత్నం కంచం ముందు కూర్చుని ఉంది. వేడన్నం, ముద్దపప్పు, పైన నెయ్యి.

"అత్తయ్యా, పెళ్ళిలో నెత్తిన జీలకర్రా బెల్లమూ కలిపి పెడతారా, ఒట్టి జీలకర్ర పెడతారా?"

"అదేం ప్రశ్నే? బెల్లం లేకుండా ఎలా?"

"మరి నాకు ఒట్టి జీలకర్ర నీళ్ళు పోశారే! మీకు కావలసింది పెళ్ళికూతురా, జాకెట్టు తొడగడానికి కర్రా? ఈ జాకెట్టు ఏ కర్రకి పడితే ఆ కర్రనే చేసుకోమనండి మీ అబ్బాయిని!"

కాసులమ్మ జాకెట్టు చంకన పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

పెళ్ళి ఆగిపోయిందా అంటావా? ఆగితే ఆగింది! పిల్ల బతికింది. ఆ పూట కడుపు నిండా తిని, మారు కూడా వడ్డించుకుంది.

కథ కంచికి,
కూడు కంచానికి,
ముద్ద నోటికి,
మనం మంచానికి!