మాస్టారి మోడ్

కాశీపతి మాస్టారికి ఒక అలవాటుంది. చక్రం ఎలా ఎక్కాలి, ఎలా దిగాలి, ఎదురుగాలిలో ఒళ్ళు ఎలా నిలుపుకోవాలి అని అడిగితే, అడిగినవాడికి విసుగొచ్చేదాకా ఓపిగ్గా చెబుతారు. "ఏ మోడ్ పెట్టుకోమంటారు?" అని అడిగితే మాత్రం వినపడనట్టు సముద్రం వైపు తిరుగుతారు. పాపం, పెద్దాయనకి చెవుడు మొదలైందని జాలిపడ్డ శిష్యులు కూడా ఉన్నారు.

మాస్టారు పడుచుతనంలో సర్కస్‌లో ఒంటిచక్రం తొక్కిన మనిషి. సర్కస్ పోయింది, డేరా పోయింది, ఒంటిచక్రం మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇప్పుడు విశాఖపట్నంలో కరెంటు ఒంటిచక్రాలు వచ్చాయి కదా, వాటిని కొనేసి ఎలా ఎక్కాలో తెలియక తెల్లముఖం వేసినవాళ్ళంతా ఆయన దగ్గరికే చేరతారు. అది చూడ్డానికి వింతగానే ఉంటుంది. మధ్యన ఒకటే చక్రం, దాని పొట్టలో మోటారు, రెండు పక్కలా కాళ్ళు పెట్టుకోవడానికి రెండు పెడల్స్. తొక్కే పని లేదు. నిలబడి ముందుకి వాలితే పోతుంది, వెనక్కి వాలితే ఆగుతుంది. చేత్తో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, దేవుణ్ణి తప్ప.

దీనికి ఫోన్‌లో మోడ్‌లుంటాయి. మెత్తనిది పెట్టుకుంటే పెడల్ పరుపులాగా కాలి కింద కాస్త లొంగుతుంది, నిదానంగా మాట వింటుంది. గట్టిది పెట్టుకుంటే బండలా నిలబడుతుంది, కానీ మనిషి కాస్త తూలినా ముందుకి ఉరుకుతుంది. రెండింటికీ మధ్య బోలెడు మెట్లున్నాయి. ఇవి చాలక పెడల్‌ని ముందుకో వెనక్కో వంచుకునే ఏర్పాటొకటి. ఆ మెట్ల దగ్గరే శిష్యులందరూ రోజూ కొట్టుకు చస్తూ ఉంటారు.

ఆ శిష్యుల్లో సన్యాసిరావు ఒకడు. ఓడరేవు ఆఫీసులో ఉద్యోగం, నలభై దాటిన వయసు, కొంచెం పొట్ట. ఇన్నేళ్ళలో తనకంటూ ఒక సరదా ఎరగడు. అలాంటివాడు ఒకరోజు చక్రం మీద నిలబడి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా సముద్రపు గాలిలో నాలుగు బారలు వెళ్ళాడు. అంతే, చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చేసింది. ఆ రోజు నుంచి అతనికి పొద్దున్న లేవడమంటే ఇష్టం పుట్టింది.

అతను మెత్తని మోడ్‌లో హాయిగా తిరుగుతూ ఉండేవాడు. కిరీటి ఊరుకున్నాడా? కిరీటి అతని తోటి శిష్యుడు, సాఫ్ట్‌వేరు కుర్రాడు, ప్రతిదానికీ ఒక వీడియో చూసి వస్తాడు. "అది కొత్తవాళ్ళ మోడ్ సార్. మీరింకా దాంట్లోనే ఉన్నారా?" అన్నాడు. సన్యాసిరావుకి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే గట్టిది పెట్టాడు, ఆ సాయంత్రమే బోర్లా పడ్డాడు. లేవగానే మళ్ళీ మెత్తనిదే పెట్టేసుకున్నాడు. చొక్కా చిరిగి, మోచిప్ప గీరుకుని ఇంటికి వెళితే భార్య నూకరత్నం గుమ్మంలోనే నిలబెట్టేసింది.

"వచ్చే ఆదివారం నేనూ వస్తాను. మీరు నడుపుతుంటే నా కళ్ళతో చూస్తాను. పడ్డారో, ఆ చక్రం సోమవారం పొద్దున్న మా తమ్ముడింటికి అనకాపల్లి వెళ్ళిపోతుంది. ఆలోచించుకోండి" అంది.

నూకరత్నం అన్న మాట అన్నట్టు చేసే మనిషి. ఇదివరకు సన్యాసిరావు సిగరెట్లు, కేరమ్ బోర్డు అలాగే అనకాపల్లి చేరాయి. అతను మర్నాడు పొద్దున్నే వెళ్ళి మాస్టారి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"మాస్టారూ, ఏ మోడ్ మంచిదో చెప్పకపోతే మానెయ్యండి. మీరు దేంట్లో నడుపుతారో అది చెప్పండి చాలు. మీరు పడగా నేనెప్పుడూ చూడలేదు."

మాస్టారు సముద్రం వైపు తిరగలేదు. అతని ముఖంలోకి కాసేపు చూసి, తన చక్రాన్ని పిడి పట్టుకుని లాక్కొచ్చి అతని కాళ్ళ దగ్గర పెట్టారు.

"ఆదివారం దాకా ఇది నీ దగ్గరుంచుకో. నీది నాకివ్వు. నువ్వు నాదాంట్లో ఏమీ మార్చకు, నీదాంట్లో నేనూ ఏమీ మార్చను."

చుట్టూ ఉన్న శిష్యులు దానికి దారి ఇస్తూ వెనక్కి జరిగారు. కిరీటి ముఖమైతే మాడిపోయింది. మాస్టారి చక్రాన్ని తాకడానికే భయపడతారు వాళ్ళు. సన్యాసిరావు దాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చి, గడప దాటించే ముందు తుడిచి, దేవుడి గది పక్కన పెట్టాడు. "దీనికి హారతి కూడా ఇవ్వమంటారా?" అంది నూకరత్నం. ఇస్తే బావుండునని అతనికి లోపల ఉంది.

మర్నాడు ఎక్కాడు. ఎక్కగానే తెలిసింది, ఇది మామూలు వ్యవహారం కాదని. పెడల్ బండకంటే గట్టిగా ఉంది. పైగా ముందుకి వంగి ఉంది. మెట్ల మీద కిందికి దిగుతూ మధ్యలో ఆగిపోయినట్టు, మడమలు పైకి, వేళ్ళు కిందికి. బూటు ముందు భాగంలోకి వేళ్ళన్నీ వెళ్ళి ఇరుక్కున్నాయి. కింద పడకుండా ఇంటి ముందు సందు చివరిదాకా వెళ్ళొచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అయినా అతనికి అనుమానం రాలేదు. 'మాస్టారికి ఇది నల్లేరు మీద నడక, తప్పంతా నాదే' అనుకున్నాడు. మాస్టారు కుడికాలు ఎప్పుడూ కొంచెం వెనక్కి పెట్టి, దాని మడమ పెడల్‌కి ఆనకుండా నిలబడతారు. అదే కిటుకు కాబోలని తనూ అలాగే నిలబడ్డాడు. కుడిపాదం సలపడం మొదలెట్టింది. మూడోనాటికి చక్రం దిగాక కూడా సలుపుతూనే ఉంది. నొప్పి వస్తోందంటే విద్య ఒంటికి పడుతోందనే లెక్క వేసుకుని పళ్ళ బిగువున భరించాడు.

ఆఫీసుకి కుంటుతూ వెళ్ళాడు, కుంటుతూ వచ్చాడు. దారిలో కిరీటి కనిపించి, అతని నడక చూసి ఆగిపోయాడు.

"సార్! అచ్చం మాస్టారి నడకే వచ్చేసింది మీకు!"

సన్యాసిరావు పొంగిపోయాడు. ఎంత పొంగిపోయాడంటే, ఆ పొంగులో మాస్టారి చక్రానికి పెట్టిన లెక్కలన్నీ ఫోన్ తీసి కిరీటికి చూపించేశాడు. గట్టిదనం ఎంత, వంపు ఎంత, అన్నీ. కిరీటి సాయంత్రానికల్లా తన చక్రానికి అవే పెట్టుకున్నాడు. కిరీటి ఊరుకుంటాడా, ఇంకో ఇద్దరికి చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడట.

శనివారం సాయంత్రం నూకరత్నం అతని కాలు ఒళ్ళో పెట్టుకుని నొప్పుల నూనె రాసింది. తిడుతూనే రాసింది. బొటనవేలి గోరు నల్లబడింది. అది చూసి ఆవిడ తిట్లు ఆపేసింది.

"సరదా కోసం ఎక్కారు కదా దాన్ని? ఈ వారమంతా మీ ముఖంలో సరదా ఎక్కడుందండీ?" అంది.

నిజం చెప్పాలంటే అతనికి ఏడుపొచ్చింది. మాస్టారు అంతటివారు తన చక్రమే ఇచ్చినా తనకి పట్టుబడలేదు. ఇంక తనకి ఈ విద్య రాసిపెట్టి లేదు. రేపు ఆవిడ ముందు పడేదాకా ఎందుకు, పొద్దున్నే వెళ్ళి మాస్టారికి దణ్ణం పెట్టి చక్రం ఇచ్చేసి, తనది తనే అనకాపల్లి పంపించేద్దామని నిశ్చయించుకున్నాడు.

ఆదివారం పొద్దున్న బండ్లని ఆపేసిన బీచ్ రోడ్డు మీద జనం హాయిగా నడుస్తున్నారు. నూకరత్నం ఫ్లాస్కుతో టీ తెచ్చుకుని గట్టు మీద కూర్చుంది, తీర్పు చెప్పడానికి వచ్చినట్టు. సన్యాసిరావు మాస్టారి చక్రాన్ని దొర్లించుకుంటూ, కుంటుకుంటూ వస్తున్నాడు. వెనకాల కిరీటి కుంటుకుంటూ వస్తున్నాడు. కిరీటి ఒట్టు వేయించుకున్న ఆ ఇద్దరూ కుంటుకుంటూ వస్తున్నారు. అందరికీ కుడికాలే. ఎదురుగా కాశీపతి మాస్టారు, మోచేతికి పెద్ద కట్టుతో, సన్యాసిరావు చక్రాన్ని పట్టుకుని, తన సహజమైన కుంటుతో వస్తున్నారు.

నూకరత్నం అటు చూసింది, ఇటు చూసింది. టీ కప్పు కింద పెట్టేసింది.

"మాస్టారూ, తప్పుగా అనుకోకండి. ఇక్కడ చక్రం మీద నడపడం నేర్పుతారా, నేల మీద కుంటడం నేర్పుతారా?"

మాస్టారు పగలబడి నవ్వారు. నవ్వుతూనే వచ్చి గట్టు మీద చతికిలబడి, కుడికాలి బూటు, మేజోడు విప్పారు. చీలమండ దగ్గర ఎముక పక్కకి పొడుచుకొచ్చి ఉంది. పాదం కిందికి వాలి అలాగే బిగుసుకుపోయింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని వంచబోయారు, ఇసుమంత కూడా వంగలేదు.

"సర్కస్‌లో ఉండగా వానకి తడిసిన చెక్క పలక మీద పడ్డానమ్మా. ఎముక వంకరగా అతికింది. అప్పటినుంచీ ఈ మడమ నేలకి ఆనదు. అందుకని పెడల్‌నే ముందుకి వంచుకున్నాను. మెత్తగా ఉంటే ఈ కాలికి పట్టు చిక్కదు, అందుకని గట్టిది పెట్టుకున్నాను." అప్పుడు సన్యాసిరావు వైపు తిరిగారు. "నువ్వు వారం రోజులు నడిపింది నా విరిగిన కాలినయ్యా."

సన్యాసిరావుకి ముందు కోపం వచ్చింది. ఆ నల్లబడ్డ గోరు, ఆ నిద్రలేని నొప్పి, రాత్రి వదులుకున్న ఆశ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"ఈ మాట ఆ రోజే చెప్పొచ్చు కదా మాస్టారూ!"

"చెబుతూనే ఉన్నాను కదా, వారం నుంచి, నీ కాలికి" అన్నారు మాస్టారు.

కిరీటి ఫోన్ జేబులో పెట్టేసుకుని, ఎవరూ చూడకుండా బూటులో వేళ్ళు కదుపుకున్నాడు. సన్యాసిరావు చూపు మాస్టారి మోచేతి కట్టు మీద పడింది. కోపం ఎటు పోయిందో పోయింది.

"అదేమిటి మాస్టారూ, దెబ్బ?"

"నీ మెత్తని మోడ్. ఏమీ మార్చనని మాటిచ్చాను కదా. నువ్వు కుదురుగా నిలబడేచోట నాకు మడమ ఆనలేదు, మొన్న వెల్లకిలా పడ్డాను." మాస్టారు అది చాలా గొప్ప విషయంలా చెప్పారు.

"రామరామ! ఈ వయసులో పడ్డారా!" అని నూకరత్నం ఫ్లాస్కులో ఉన్న టీ అంతా ఆయనకే పోసి ఇచ్చింది.

సన్యాసిరావు తన చక్రం దగ్గరికి వెళ్ళాడు. ఫోన్ తీసి చూస్తే, తను వదిలినట్టే ఉంది, మెత్తగా, పెడల్ సమంగా. కాలు పెట్టాడు. మడమ వెళ్ళి దాని చోట్లో అది కూర్చుంది. వారం నుంచి ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ప్రాణం లేచొచ్చింది. మెల్లిగా ముందుకి వాలాడు. మొదట్లో కాస్త ఊగాడు. గట్టు మీద నూకరత్నం చప్పున లేచి నిలబడింది. అతను పడలేదు.

కొంత దూరం వెళ్ళి మలుపు తిరిగేటప్పుడు పెడల్ మరీ ఎక్కువ లొంగుతున్నట్టు అనిపించింది. ఇదివరకూ అలాగే అనిపించేది, కానీ ఎవరినైనా అడగాలనుకునేవాడు. ఇవాళ ఆగి, దిగి, ఫోన్ తీసి ఒక మెట్టు బిగించాడు. మళ్ళీ ఎక్కి మళ్ళీ అదే మలుపు తిరిగాడు. బావుంది. ఇంకో మెట్టు బిగించబోయి, వద్దనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ తరవాత ఫోన్ సంగతే మరిచిపోయాడు. ఎడమ పక్కన సముద్రం, ముందు ఖాళీ రోడ్డు, చెవుల్లో గాలి. ఎవరూ అడక్కుండానే నవ్వొస్తోంది అతనికి.

తిరిగొస్తూ గట్టు ముందు వేగం తగ్గించాడు. నూకరత్నం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, అతని పాదాల వైపు చూడకుండా ముఖంలోకి చూస్తోంది.

"మా తమ్ముణ్ణి ఇంకోటి కొనుక్కోమంటాను లెండి" అంది.

అతను ఆగలేదు, ఆగబుద్ధి కాలేదు. గాలి అటునుంచి వీస్తోంది కనుక, వెనకాల కిరీటి గొంతు తగ్గించి అడుగుతున్నది కూడా అతనికి వినిపించింది.

"మాస్టారూ, సార్ మలుపు దగ్గర ఏదో మార్చారు. ఎంతకి మార్చారో మీరు చూశారా?"

మాస్టారు బూటు తొడుక్కోవడం ఆపలేదు.

"నీ కాలేమంటోంది, కిరీటీ?"