జీడిమెట్ట జంటకంచాలమ్మ సన్నిధిలో “తిన్నావేటి?” అని అడిగే ఆచారం

విశాఖపట్నానికి చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు సముద్రం దారి ఎవరూ చెప్పనక్కరలేదు, గాలే చెబుతుంది. జీడిమెట్ట దారి మాత్రం ఒకరు చెప్పాలి. ఆ పని కోసం వేసినదే ఈ చిన్న పుస్తకం.

కాలేజీల వైపు నుంచి పెద్ద రోడ్డు దిగి రండి. పంక్చర్లు వేసే దుకాణం, దాని పక్కన ఇస్త్రీ బండి దాటగానే ఎడమచేతి వైపు ఒక సందు కనబడుతుంది. ఆటో పట్టదు, నడవాలి. సందు చివర మెట్లు మొదలవుతాయి. గుడి కమిటీ వారు నూట ఎనిమిది మెట్లని బోర్డు రాయించారు గానీ, నేను మూడుసార్లు లెక్కపెట్టాను, నూట పదమూడు ఉన్నాయి. ఎక్కువైన ఐదూ అమ్మవారి ఖాతాలో వేసుకుని ఎక్కండి.

మొదటి మెట్టు దగ్గర పైడికుమారి బండి ఉంటుంది. ఆవిడ మరమరాలతో కలిపే మురీ మిక్చర్‌లో నిమ్మకాయ పిండే తీరు చూసి తీరాలి. చలికాలం ఉడికించిన తేగలు, ఎండాకాలం తాటిముంజలు కూడా ఆ బండి మీదే దొరుకుతాయి. సగం దూరంలో ఒక మంటపం ఉంది. పరీక్షల ముందు అక్కడ అరుగు మీద చోటు దొరకదు, పుస్తకాలు పరిచేసి ఉంటాయి. పైకి వెళితే ఒకవైపు హార్బరు క్రేన్లు, లంగరు వేసిన ఓడలు, మరోవైపు వరుసగా కొండలు. గుడి వెనక నుంచి కాలిబాటలో కిందికి దిగితే సీతాఫలం చెట్ల మధ్య ఒక చిన్న గెడ్డ ఉంది. వానలు పడితేనే పారుతుంది. ఇంతటి చోటు సిటీ నడిమధ్యన ఉందని, ఇక్కడే పుట్టి పెరిగినవారిలోనే సగం మందికి తెలియదు.

గుడి అంటే గోపురం ఊహించుకోవద్దు. ఒక జీడిచెట్టు, దాని కింద మోకాలెత్తు బండరాయి, పైన రేకుల పందిరి. బండ మీద పక్కపక్కనే రెండు గుంటలు, భోజనం కంచాల్లాగా గుండ్రంగా ఉంటాయి. ఉలి తగిలిన గుర్తు లేదు. ఆ రెండింటి వెనక బండ కాస్త పైకి లేచి నుదురులా ఉంటుంది. దానికి పసుపు రాసి, వెండి కళ్లు పెట్టారు. ఆమే జంటకంచాల తల్లి. ఆమె సన్నిధిలో ఎవరూ ఒంటరిగా తినరాదు. ఎందుకు తినరాదో చెబుతాను.

పూర్వం ఇక్కడ మెట్లు లేవు. పూర్వమంటే కృతయుగం అనుకునేరు, నలభై ఏళ్ల పైమాట, అంతే. మెట్టంతా జీడిచెట్లు, ముళ్లపొదలు. చోడిపిల్లి ఎర్రయ్య అనే ఆయన ఇక్కడ మేకలు మేపేవాడు. ఆయన భార్య రమణమ్మ మెట్ట కింద ఉప్మా, ఇడ్లీ వండి అమ్మేది. ఇప్పుడు చెప్పిన పైడికుమారి వారి మనవరాలే.

ఒక వానాకాలం ఎర్రయ్య ఒక వింత గమనించాడు. ఈ బండ గుంటల్లో వాననీరు నిలిచేది. మేక ఒకటి దాహంతో వచ్చి కుడి గుంట దగ్గర నిలబడేది గానీ మూతి పెట్టేది కాదు. ఇంకో మేక వచ్చి ఎడమ గుంట దగ్గర నిలబడిన తరువాతే రెండూ కలిసి తాగేవి. ఒకనాడు కాదు, వరుసగా తొమ్మిది రోజులు చూశాడు. వచ్చి భార్యతో చెప్పాడు.

“ఓలే, మెట్ట మీద తల్లి ఉంది. మేకల్ని జతగానే తాగనిస్తంది.”

“నువ్వు కూడా జతను ఎతుక్కుని ఏటో తాగొచ్చినట్టున్నావు, ఎల్లి పడుకో” అని రమణమ్మ కొట్టిపారేసింది.

అదే ఏడు పలాస దగ్గరి పల్లె నుంచి పేడాడ జయమణి అనే పిల్ల డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరింది. సబ్జెక్టు వృక్షశాస్త్రం. తండ్రి జీడిపిక్కల బట్టీలో కూలి. బండి ఎక్కించేటప్పుడే ఆయన ఖచ్చితంగా చెప్పాడు. “ఈ యేడు గట్టెక్కితే సదువుకో తల్లీ. తప్పితే మాత్రం ఇంటికొచ్చి జీడిపిక్కలు కొట్టుకో. రెండో మాట నేదు.”

వాళ్ల ఊళ్లో ఎదురుపడిన మనిషిని “తిన్నావేటి?” అని అడగడమే నమస్కారం. ఈ పిల్ల హాస్టల్ మెస్‌లో పక్కన కూర్చున్న వారినల్లా, పేరైనా తెలియకుండానే, అలాగే అడిగింది. సిటీ పిల్లలకు అది నవ్వులాట అయిపోయింది. సుభాషిణి అనే అమ్మాయి అందరికన్నా ముందు. జయమణి వరండాలోకి వస్తే చాలు, “తిన్నావేటీ?” అని రాగం తీసేది, వెనక పదిమంది అందుకునేవారు. ఒకరోజు క్లాసులో జయమణి లేచి జవాబు చెప్పబోతే వెనక బెంచీ నుంచి అదే రాగం వచ్చింది. క్లాసంతా నవ్వింది.

పిల్ల కూర్చుంది. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. క్లాసులో మొదటి ర్యాంకు వచ్చేదాకా ఈ పట్నంలో ఎవరితోనూ నోరు విప్పను అని. మునులు అడవుల్లో చేశారంటారే, ఆ తపస్సే ఈ పిల్ల హాస్టల్లో ఉండి చేసింది. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది. ఏమైనా కావలసివస్తే కాగితం మీద రాసేది. మెస్‌లో కూర్చోవడం మానేసి, టిఫిన్ డబ్బాలో అన్నం పెట్టించుకుని ఈ మెట్ట ఎక్కేది. జీడిచెట్టు వాసన ఇంటి వాసనలా ఉండేదట. డబ్బా తెరిచి కుడి గుంటలో ఆకు వేసుకుని ఒక్కతే తిని, చీకటి పడకముందే చదువుకుని దిగిపోయేది. ఎండల్లో కూడా మానలేదు.

అలా నలభై రోజులు గడిచాయి. ఒక తెల్లవారుజామున రమణమ్మకు కల వచ్చింది. పసుపు ముఖం, వెండి కళ్లు. “రమణీ, నా ఇంట ఒక పిల్ల నలభై రోజులుగా ఒక్కతే తింటోంది. రెండో కంచం ఖాళీగా ఉంది. నాకు ముద్ద దిగడం లేదు” అని అమ్మవారు సెలవిచ్చారు.

రమణమ్మ లేచి మొగుణ్ని కుదిపింది. “మేకల మాట నిజమేనయ్యా!” స్నానం చేసి, చక్కెర పొంగలి వండి, కొండెక్కింది. జయమణి అక్కడే ఉంది. రమణమ్మ పొంగలి తీసి ఎడమ గుంటలో పెట్టింది. పెట్టి ఏం చేసింది? కూర్చుని తినలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి దండం పెట్టింది. మనవాళ్లకు అంతకన్నా ఏం తెలుసు, కంచం ఖాళీ అంటే నైవేద్యం అనుకుంటాం. “ఏ ఊరమ్మా నీది?” అని అడిగింది. జయమణి ఒట్టు గుర్తు తెచ్చుకుని రెండు చేతులూ జోడించింది, పెదవి కదపలేదు.

ఇంకేముంది! పలకదు, ఉలకదు, దండం పెడుతుంది, కలలో వచ్చిన చోటే కూర్చుంది. రమణమ్మ దిగివచ్చి ఇడ్లీ తినేవారందరికీ చెప్పింది. “పిల్ల కాదమ్మా, మూగతల్లి. అమ్మవారే మనిషి రూపంలో ఎలిసింది.” వారం తిరిగేసరికి మెట్ట మీద కొబ్బరికాయలు మొదలయ్యాయి. కొట్టినవారిలో నేనూ ఉన్నాను, దాచడమెందుకు. నాకు అప్పుడు ఉద్యోగం కావలసి ఉంది.

పాపం, ఆ పిల్ల పరిస్థితి ఆలోచించండి. మునుపు ఒంటరిగా తినేది. ఇప్పుడు చుట్టూ ముప్పైమంది నిలబడి చేతులు కట్టుకుని చూస్తుండగా ఒంటరిగా తినవలసి వచ్చింది. కాదని చెప్పాలంటే నోరు తెరవాలి, తెరిస్తే ఒట్టు పోతుంది. నిజం కాగితం మీద రాసి చూపించింది. చదివినవారు దాన్ని కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నారు, “తల్లి చేతిరాత” అంటూ. ఎడమ గుంటలో పెట్టిన నైవేద్యాలన్నీ మేకలే తిన్నాయి.

ఇంతలో అసలు గండం వచ్చింది. ప్రాక్టికల్ పరీక్షలో వైవా ఉంటుందని నోటీసు బోర్డు మీద పెట్టారు. వైవా అంటే పరీక్ష పెట్టేవారి ముందు నిలబడి నోటితో జవాబు చెప్పాలి. అందులో తప్పితే ఏడాది తప్పినట్టే, తండ్రి మాట ప్రకారం బట్టీయే గతి. రాతలో ఆ పిల్లకు ఎదురులేదు. నోటికే వచ్చింది చిక్కు. ఒట్టు ఒకటైతే, భయం ఇంకొకటి. ఇన్నాళ్లు మూసిన నోరు తెరిస్తే మాట వస్తుందో రాదో, వచ్చినా మళ్లీ అందరూ నవ్వుతారేమో.

వైవాకు ముందురోజు తెల్లవారుజామున రమణమ్మకు మళ్లీ కల. ఈసారి అమ్మవారి గొంతు గట్టిగానే ఉందట. “రెండో కంచంలో తినే మనిషిని తెమ్మంటే, దండాలు పెట్టే మనుషుల్ని తెచ్చావు. నా బిడ్డ ఇంకా ఒంటరిగానే ఉంది.”

జయమణి వచ్చే వేళకు రమణమ్మ లబలబలాడుతూ ఎక్కింది. అప్పటికే జనం ఉన్నారు. వారిలో కళ్లు మూసుకుని, కొబ్బరికాయ గుండెలకు హత్తుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆ అమ్మాయే సుభాషిణి. క్లాసులో అంత వాగే పిల్లకు వైవా అంటే ఒణుకు. ఎవరో మూగతల్లి మహిమ గురించి చెబితే పొద్దున్నుంచి ఉపవాసం ఉండి వచ్చింది. “తల్లీ, రేపు నా నోరు పెగిలేలా చెయ్యి” అని పైకే మొక్కి కళ్లు తెరిచింది.

“అమ్మబాబోయ్! నువ్వా?”

రమణమ్మ కసిరింది. “తల్లిని పట్టుకుని నువ్వా అంటావేటమ్మా? లెంపలేసుకో!”

“తల్లేమిటండీ, మా క్లాసు అమ్మాయి. రోల్ నంబరు ముప్పై ఒకటి!”

“మాయ. తల్లి పరీచ్చ పెడతంది” అన్నాడొక ముసలాయన వెనక నుంచి.

సుభాషిణికి నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ ఈ పిల్ల ఎక్కడికి పోయి తింటోందో, ఎందుకు నోరు మూసుకుందో ఆ క్షణాన అర్థమైంది. కొబ్బరికాయ చేతిలోంచి జారింది. ఎండ, ఉపవాసం, సిగ్గు, మూడూ కలిసి బండ పక్కన కూలబడింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

జయమణి ఆమెను చూసింది. తనను నవ్వులపాలు చేసిన మనిషి. ఒట్టు నిలబెట్టుకుంటే దేవతగా ఉండవచ్చు. నోరు తెరిస్తే ఆ దేవతనం పోతుంది, అందరూ నవ్విన మాటే మళ్లీ బయటికి వస్తుంది. కానీ ఆకలితో ఉన్న ముఖం ఎదురుగా ఉంటే వాళ్ల ఊరి మనిషి అడగకుండా ఉండలేదు. అడగాలని గట్టిగా నిశ్చయించుకుంది.

నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్లీ తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. మూడోసారి పిడికిళ్లు బిగించి, మెడనరాలు తేలేలా ప్రయత్నించింది.

“తిన్నావేటి?”

గొంతు బొంగురుగా ఉంది గానీ మెట్టంతా వినబడింది.

“లేదు” అంది సుభాషిణి, ఏడుస్తూ. “నువ్విక్కడ ఒక్కదానివే తింటావని తెలీదు... నేనే కదా నిన్ను... లేదు, తినలేదు.”

జయమణి డబ్బాలోని చింతకాయ పచ్చడి అన్నం సగం తీసి ఎడమ గుంటలో ఆకు మీద పెట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. మేకలు ఆ పూట దూరంగా నిలబడ్డాయట, ఎర్రయ్య ఒట్టేసి చెప్పేవాడు.

“మాట్లాడేసిందిరా, ఇంకేటి దేవత!” అని కొందరు కాయలు తిరిగి సంచుల్లో వేసుకున్నారు. ఎర్రయ్య కర్ర నేలకు ఆనించి అన్నాడు. “ఎలిపోండి. మడిసి మాటాడింది, తల్లి తింది. అదే కావాలి.”

పొద్దు వాలేదాకా ఇద్దరు పిల్లలూ ఈ చెట్టు కిందే ఒకరికొకరు ప్రశ్నలు వేసుకున్నారు. మర్నాడు ఇద్దరూ వైవాలో మాట్లాడారు, ఇద్దరూ గట్టెక్కారు. జయమణికి మొదటి ర్యాంకు రాలేదు, నాలుగోది వచ్చింది. పుణ్యకథ కదా అని ర్యాంకు పెంచి రాయకూడదు. ఒట్టు నిలవలేదు, చదువు నిలిచింది. తండ్రి ఫలితాలు విని, జీడిపప్పు మూట భుజాన వేసుకుని వచ్చి, బండ ముందు పెట్టి, “ఇంక నాను రెండో మాట అననమ్మా” అని వెళ్లాడు. ఆ జీడిపప్పు వేసి రమణమ్మ చేసిన పులిహోరే మొట్టమొదటి ప్రసాదం.

ఆనాటి నుంచి ఆచారం ఇది. ప్రసాదం రెండు ఆకుదొప్పల్లో ఇస్తారు. ఒకటే చాలంటే ఇవ్వరు. రెండూ పట్టుకుని, ముఖపరిచయం లేని మనిషి ఎదుటికి వెళ్లి “తిన్నావేటి?” అని అడగాలి. ఈ ఒక్క మాటా ఆ యాసలోనే అనాలి, దానికి ఇక్కడ నవ్వడం నిషేధం. అడిగినవారికి నిజమే చెప్పాలి. తినలేదంటే రెండో దొప్ప వారిది, ఇద్దరూ కూర్చుని తినాలి. తిన్నానంటే ఇంకొకరిని అడగాలి. గుళ్లో ఎవరూ లేని వేళ వస్తే పైడికుమారి బండి మీద గిన్నె బోర్లించి పైకి వచ్చి తానే ఎదురుగా కూర్చుంటుంది.

ఈ మెట్ట మీద కలిసి తిన్నవారు పరీక్షల్లో నోరు పెగలక నిలబడరని, ఊరు కాని ఊళ్లో దిక్కులేక ఉండరని, వారికి అన్నం ఎన్నడూ చప్పబడదని పెద్దల నమ్మకం. జయమణమ్మగారు లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. సుభాషిణమ్మగారితో కలిసి ఏటా వైవాలకు ముందురోజు వస్తారు. ఇప్పటికీ వారు డబ్బా ఒకటే తెస్తారు.

ప్రతి ఏడూ కాలేజీలు తెరిచిన వారంలో కొత్తపిల్లలు ఇక్కడికి ఒక్కొక్కరుగా ఎక్కి వస్తారు. రెండు దొప్పలు పట్టుకుని, ఎవరిని అడగాలో తెలియక, పావుగంట చెట్టు కింద నిలబడిపోతారు. వారికి ఈ పుస్తకం చెప్పేది ఒకటే. దిగిపోవద్దు. మాట మొదటిసారి రాకపోతే రెండోసారి, రెండోసారి రాకపోతే మూడోసారి ప్రయత్నించండి. జయమణమ్మకూ మూడోసారికే వచ్చింది.